హరిత అన్నం తింటోంది

కమలాపురం,
ఆగస్టు 2006

హరిత వాళ్ళ నాయనకు నాగలక్ష్మమ్మ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అత్త, నేను బాగున్నాము. హరిత కోలుకుంటోంది. అక్కడ మీ నడుము నొప్పి తగ్గిందా?

మీరు పంపిన ఖర్జూరాలు అందాయి. శనక్కాయకు ఇంకొక వాన పడితే చాలు. పిల్లను కాలేజీ ఎందుకు మాన్పించావని అడిగారు. ఫోన్లో చెబుదామంటే అది పక్కనే కూర్చుంటుంది. రంగన్న ఎల్లుండి కువైట్ వస్తున్నాడు కదా, అందుకని అతని చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

కడప హాస్టల్లో చేరిన కొత్తలో హరితను తోటి పిల్లలు 'బస్తా' అని పిలిచేవారట. అన్నం తగ్గించింది. తర్వాత తిన్నది కూడా కక్కేసేది. సెలవులకు వచ్చినప్పుడు చదువు ఒత్తిడేమో అనుకున్నాను. నెలసరి ఆగిపోయిందని తెలిసి భయం పట్టుకుంది. తలంటబోతే వీపంతా ఎముకలే. డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు. నాకు దాంతోనే ఇంకా భయం వేసింది.

"ఇట్లాంటి పిల్లోళ్ళు శానా మంది వస్తాండారు. మొగపిల్లోళ్ళు కూడా. రానోళ్ళే ఎక్కువ. ఇండ్లల్లో గ్యాసు నొప్పి అనుకుంటారు" అంది.

తిరుగు బస్సులో హరిత నోరు విప్పింది. తన గదిలోనే ఇంకా ఇద్దరు అలా చేస్తున్నారట. అందులో ఏసుమణి అనే పిల్ల లేచి నిలబడితే కళ్ళు తిరిగి పడిపోతోందట. మంగంపేట ముగ్గురాయి గనిలో పనిచేసే శాంతయ్య కూతురు. "దాన్ని కూడా వాళ్ళింటికి తెప్పించమ్మా. అది తింటే నేనూ తింటా" అంది.

మంగంపేటకు పోయాను. ఏసుమణి తల్లి చేతులకంటిన రాతిదుమ్ము కడుక్కుంటూ నా మాట విన్నది. "తిండి లేక బక్కపడినోళ్ళం మేము. అన్నం ముందర పెట్టుకొని ఎవురన్నా మానుకుంటారా అక్కా? అది మీ ఇండ్లల్లో జబ్బు" అంది. కోపంగా కాదు, నన్ను ఓదార్చినట్టు. శాంతయ్య మాత్రం నా వెంటే కడప బస్సెక్కి కూతుర్ని ఇంటికి తెచ్చుకున్నాడు. పిల్లలిద్దరూ ఫోన్లో మాట్లాడుకుని, ఇద్దరమూ తిందామని ఒట్టు పెట్టుకున్నారు. ఆ సాయంత్రం హరిత పెరుగన్నం తిన్నది. ఏడుస్తూనే తిన్నది, కక్కలేదు.

చెప్పడానికి నోరు రాని సంగతి ఇది. ఏసుమణి పోయింది. ఇల్లు చేరిన వారానికే, పొద్దున ముఖం కడుక్కోబోయి వాకిట్లో పడిందట. ఆసుపత్రికి చేరేలోపే గుండె ఆగిపోయింది. అప్పటికే లోపలంతా ఖాళీ అయిపోయిందని డాక్టర్లు అన్నారట.

మట్టి చేసిన రోజు హరితకు పొలం పని అని చెప్పి పోయాను. ఆ తల్లి నా చెయ్యి పట్టుకుని, "మీ బిడ్డ తింటాందా?" అని అడిగింది. తింటోందని చెప్పడానికి సిగ్గేసింది.

ఇక్కడ హరిత కంచం ముందు కూర్చున్న ప్రతిసారీ "ఏసుమణి తినిందంటనా?" అంటుంది. తినిందంటాను. అప్పుడు ముద్ద ఎత్తుతుంది. వాళ్ళ సెల్లు చెడిపోయిందని నమ్మించాను. ఎంతకాలమో దాచలేవని, తన దగ్గరికి తీసుకొస్తే తన ఎదుటే పిల్లకు చెబుదామని డాక్టరమ్మ అంటోంది. వచ్చే వారం తీసుకుపోతాను.

అందాకా మీరు ఫోన్లో ఏసుమణి మాట ఎత్తవద్దు. నిజం తెలిసిన పూట దానికి అన్నం కలిపి పెట్టాల్సింది నేనే. సెలవు దొరికితే రండి. నాకు ధైర్యం చాలడం లేదు.

ఇట్లు,
మీ భార్య,
నాగలక్ష్మమ్మ