నల్ల యాష్ గింజలు

పద్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సింధు, నేనూ అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో బుట్టలల్లే ఒక మిక్మాక్ ఆదివాసీ తెగ పెద్దావిడను కలిశాం. నల్ల యాష్ అనే చెట్టు దుంగను గొడ్డలి వెనకవైపుతో బాదితే, చెట్టు ఏడాదికొకటి చొప్పున పెంచుకున్న పొరలు విడిగా ఊడివస్తాయి. ఆ పొరలతోనే వాళ్లు తరతరాలుగా బుట్టలల్లుతున్నారు. నువ్వుంటే అక్కణ్ణించి కదిలేదానివి కాదు.

ఇప్పుడు ఆ చెట్లను ఒక పురుగు చంపేస్తోంది.

"పురుగు రాకముందే కట్ చేసుకోవచ్చుగా నాన్నా?" అంది సింధు.

ఆవిడ మాత్రం చెట్లు కొట్టడం లేదు. చెట్టుకింద దుప్పటి పరిచి గింజలు దులుపుతోంది.

"దాచిపెట్టి, పురుగు పోయాక నాటాలి," అంది.

నేను అడగలేని ప్రశ్న మన పిల్ల అడిగేసింది. "అప్పటికి మీరుంటారా ఆంటీ?"

ఆవిడ నవ్వింది. "నేనుండను. నువ్వుంటావుగా, ఆ దుప్పటి కొస పట్టుకో."

సింధు పట్టుకుంది. రెండో కొస నేను పట్టుకున్నాను.