పదివేల ఏడు బిళ్ళలు

చిరంజీవి లెక్కల కోడలికి,

మేనమామ దీవెనలు. నేనూ మీ అత్తా క్షేమం. ఒకరి మీద ఒకరం అరుచుకునే ఓపిక ఇంకా ఉంది. లైబ్రరీ హాలుకి నేల పరిచే పని నాకిచ్చారు. కూల్చేసిన పాత భవనంలోంచి తీసిన బిళ్ళలు, మొత్తం పదివేల ఏడు. ఆ రకం ఇప్పుడెక్కడా దొరకదు. ఒక్కటి కోయకుండా, ఒక్కటి మిగల్చకుండా పరుస్తాను, లేదంటే ఈ జన్మకి తాపీ పట్టనని లైబ్రేరియన్ గారి ముందు నోరు జారాను. ఈ 10,007 ఎలాంటి సంఖ్యో కాస్త చూసి చెప్పమ్మా.

నీ మామయ్య, టైల్స్ మేస్త్రి

తా.క. మూడుసార్లు లెక్కపెట్టాను. నాలుగోసారి మీ అత్త మధ్యలో మాట్లాడింది.

మామయ్యకి నమస్కారాలు.

రేపే పరీక్ష, అందుకే రెండు ముక్కలు. 10,007 ప్రధాన సంఖ్య!

నీ కోడలు

తా.క. ఇలాంటి సంఖ్యలంటే నాకు ప్రాణం.

బంగారు తల్లీ,

నీ నోట్లో పంచదార పొయ్య! ప్రధానమంత్రి, ప్రధానోపాధ్యాయుడు, ఆ వరసలో మన పదివేల ఏడన్నమాట. లైబ్రేరియన్ గారికి నీ ఉత్తరం చూపిస్తే నోటీసు బోర్డుకి అంటించేశారు. హాలు కొలుద్దామనుకున్నాను గానీ, అంత చదువుకున్నదానివి నువ్వు చెప్పాక ఇంకా కొలతలేమిటని టేపు జేబులోంచి తీయనే లేదు.

గర్వంతో ఛాతీ ఉబ్బిన మామయ్య

తా.క. చొక్కా గుండీ ఊడింది. నీ వల్లేనంటోంది మీ అత్త.

మామయ్యా, కొంప మునిగింది!

ప్రధాన సంఖ్యంటే పెద్దమనిషి కాదు. ఒకటితోనూ, తనతోనూ తప్ప దేనితోనూ శేషం లేకుండా భాగం పోదు. నాలుగు మూలల హాల్లో పరవాలంటే ఇన్ని వరసలు, వరసకి ఇన్ని బిళ్ళలు అని ఉండాలి కదా? దీనికి కుదరదు. ఉన్నది ఒకటే దారి, పదివేల ఏడూ ఒక్క వరసలో! చదువుకోవడానికి వచ్చేవాళ్ళు ఒకరి వెనక ఒకరు కూర్చోవాల్సిందే. పరీక్ష తొందరలో సరిగ్గా చెప్పలేదు, తప్పు నాదే. నా మూలంగా నీ చేతిలో తాపీ పోతే నేనీ లెక్కల మొహం చూడలేను మామయ్యా.

ఏడుస్తూ, నీ కోడలు

తా.క. బోర్డు మీది నా ఉత్తరం చింపెయ్యి.

ఓసి పిచ్చితల్లీ,

ముందు కళ్ళు తుడుచుకో. నీ ఉత్తరం చదివాను. తాపీ కడిగి, తుడిచి పెట్టెలో పెట్టేశాను. "అదేం సంఖ్యండీ అంత మొండిది?" అంది మీ అత్త. "ఒకడితోనూ, తనతోనూ తప్ప ఇంకెవరితోనూ పొసగదు. అచ్చం నువ్వే" అన్నాను. నా జేబులోంచి టేపు లాక్కుని వెళ్ళిపోయింది.

గంటకి తిరిగొచ్చింది. బిళ్ళల లెక్కన హాలు పొడవు నూట ముప్ఫై తొమ్మిది, వెడల్పు డెబ్భై రెండు. హెచ్చవేస్తే పదివేల ఎనిమిది. ఒక్కటి తక్కువే అని నేను కూలబడబోతుంటే, "హాల్లో స్తంభం ఉంది కదండీ, దాని కింద కూడా పరుస్తారా?" అంది. సరిగ్గా ఒక్క బిళ్ళంత స్తంభం! వారం రోజులుగా దానికే జారబడి టీ తాగుతున్నానే!

నిన్నటితో పూర్తయింది. ఒక్కటి కోయలేదు, ఒక్కటి మిగల్లేదు. ఆఖరి బిళ్ళ నిన్ను తలుచుకుని నా చేత్తో పెట్టాను.

నీ మామయ్య

తా.క. ఇది మీ అత్త రాస్తున్నది. ఆఖరి బిళ్ళ పెట్టింది నేను. అప్పుడీయన స్తంభాన్ని వాటేసుకుని ఏడుస్తున్నారు మరి.