పాస్‌వర్డ్ అడిగిన మరిదికి

జహనుమా,
28 మార్చి 2007

చిరంజీవి ప్రహ్లాద్‌కు మీ వదిన విమలాదేవి దీవించి రాస్తున్న జాబు. నేను బాగున్న. నువ్వూ, అమృతా, పిల్లలూ సల్లగుండాలె. ఈ మాట మర్యాదకు రాయలే, మనసుల ఉండే రాసిన. ఇగ కింద రాసేది కూడ మనసుల ఉన్నదే. జర కుదురుగ కూసొని సదువు.

పది దినాల కింద ఫోన్ జేస్తివి. బేగంబజార్ గిన్నెల దుకాణంల పాత కంప్యూటర్ తీసేస్తున్నం, బాలానగర్ ఆఫీసుల కొత్తది పెట్టినం, నీ డిజిటల్ సంతకం పెన్ డ్రైవ్‌ల ఏసి, పాస్‌వర్డ్ చిట్టీ మీద రాసి, గుమాస్తా ఎల్లయ్యతోటి పంపు అంటివి. గిన్నె మూత పంపమన్నంత సులువుగ అడిగితివి.

తప్పు నీదొక్కనిదే అనను. మన ఇంటి అలవాటే అట్ల. కంపెనీ పేరున్న ఖాళీ కాగితాల మీద అందరం సంతకాలు పెట్టి సొరుగుల పడేస్తుంటిమి. ఎవరికి అవసరమైతే వాళ్ళు పైన ఏదో ఒకటి రాసుకుంటుండిరి. పోయినేడు డైరెక్టర్లకు డిజిటల్ సంతకం కావాలె అన్నప్పుడు అది కూడ ఆ సొరుగే అనుకున్నం. నా పాస్‌వర్డ్ కాగితం ముక్క మీద రాసి మానిటర్ ఎనక అతికిస్తిరి. గంటెలు కొననీకె వచ్చినోళ్ళు కూడ సదువుకోవచ్చు.

తెల్లారి నేనే దుకాణంకు పోయిన. కంప్యూటర్ నాకేం వస్తదని నువ్వు ఎన్నిసార్లు నవ్వలే! మా గల్లీల తారిక్ నడిపే నెట్ సెంటర్ల ఎనిమిది నెలలు నేర్చుకున్న. వాళ్ళమ్మ అక్తరున్నీసా నాకు ఇరవై ఏండ్ల దోస్తు. సంతకం ఫైలు తన సెంటర్ కంప్యూటర్ల కూడ తెరవనియ్యడు తారిక్. పది మంది కూసొనే కుర్సీల మీ సంతకం పెట్టొద్దు అంటడు. ఒక మాట మాత్రం నాతోటి మూడుసార్లు అప్పజెప్పించుకున్నడు. "ఖాలా, ఫైలు ఒక దారిన పోవాలె, పాస్‌వర్డ్ ఇంకో దారిన పోవాలె. రెండూ ఒక్క చేతిల పడినయంటే ఆ సంతకం ఇగ మీది కాదు."

కంప్యూటర్ తెరిస్తే ఎదురుంగనే ఒక ఉత్తరం ఉన్నది. విమలాదేవి అనే నేను సొంత కారణాల వల్ల డైరెక్టరుగ తప్పుకుంటున్న, నా వాటా షేర్లు ప్రహ్లాద్ పేరున రాస్తున్న అని. కింద నా పేరు. సంతకం ఒక్కటే తక్కువ. చిట్టీ మానిటర్ ఎనకనే ఉన్నా నన్నెందుకు అడిగితివో అప్పుడు తెలిసింది, నేనే ఇచ్చినట్టు ఉండాలె. నాకు మస్తు కోపమొచ్చింది ప్రహ్లాద్. మీ అన్న పోయినంక నాకు మిగిలింది ఆ దుకాణంల సగమే అని నీకు ఎరుకే. నీకు కావాలంటే ఎదురుంగ కూసొని అడుగు. నేను ఇయ్యనంట. అది వేరే లొల్లి. ఇట్ల దొంగతనంగనా?

ఆడనే కూసొని చేసిన పని చెప్త, దాపరికమేం లేదు. నా సంతకం ఫైలు నా పెన్ డ్రైవ్‌లకు తీసిన. నేనొక్కదాన్నే ఎరిగిన కొత్త పాస్‌వర్డ్ పెట్టిన. దుకాణం కంప్యూటర్లకెల్లి తుడిసేసిన. మానిటర్ ఎనక చిట్టీ చింపి పారేసిన. ఇంటికొచ్చి నా కంప్యూటర్ల ఎక్కించుకున్నంక తారిక్ ఒకటే అడిగిండు, అంతకుముందే ఎవరన్న కాపీ తీసుకోలేదని గ్యారంటీ ఉన్నదా అని. లేదు. అందుకే డిజిటల్ సంతకాలు జారీ చేసే ఆఫీసుల అర్జీ పెట్టి పాతది రద్దు చేయించిన. కొత్తది పెన్ డ్రైవ్ లెక్క ఉండే చిన్న టోకెన్‌ల తీసుకున్న. దాంట్లకెల్లి సంతకం ఇంకో కంప్యూటర్లకు కాపీ కాదు. నా తాళంచెవుల గుత్తికి కట్టుకున్న. నీ తాన పాత కాపీ ఉంటే పిల్లలకు ఆడుకోనియ్యి.

మన దుకాణంల గిన్నె కొన్నోళ్ళు పేరు కొట్టించుకోకుండ ఇంటికి పోతరా? పెండ్లిళ్ళకు పదిండ్లు తిరిగిన గిన్నె కూడ చుక్కలు చుక్కలుగ కొట్టిన పేరు సూసుకొని సొంతింటికి వస్తది. ముప్పై ఏండ్లు ఊరందరి పేర్లు కొట్టించి పంపిన. నా పేరు నేను పారేసుకుంటనా?

బాలానగర్‌ల మీటింగ్ పెడితే చెప్పు, వస్త. కాగితం ముందుగాల ఇయ్యి, సదువుత. నచ్చితే నా టోకెన్ పెట్టి, నా చేతితోటి సంతకం చేస్త. నచ్చకపోతే చెయ్య. అమృత ఏడుస్తదనో, చుట్టాలు నవ్వుతరనో ఫికర్ లేదు నాకు. ఫోన్ల మాట గాలికి పోతదని ఈ జాబు రిజిస్టర్ పోస్టుల పంపుతున్న. అందినట్టు సంతకం నువ్వే పెట్టు, ఎల్లయ్యతోటి పెట్టియ్యకు.

మీ మంచి కోరే వదిన, ఇప్పటికీ డైరెక్టరు,
విమలాదేవి

తా.క.: కవరు అంటించి మళ్ళ విప్పిన. తొంభై ఎనిమిదిల మీ అన్నకు పక్షవాతమొచ్చి కుడిచెయ్యి పడిపోయినంక కంపెనీ కాగితాల మీద ఆయన సంతకం నేనే పెట్టిన. నోట్‌బుక్కుల దిద్ది దిద్ది నేర్చుకున్న. అడిగితే ఆయన తలూపేటోడు, నేను రాసేదాన్ని. ఒక్క కాగితానికే ఊపలే. నిన్ను డైరెక్టరు చేసే కాగితం. ఎడమచెయ్యితోటి దాన్ని మూడుసార్లు పక్కకు నెట్టిండు. నిన్ను డైరెక్టరు చెయ్యాలెనని మీ అమ్మ ఏడ్సే ఏడుపు సూడలేక, ఆ కాగితం వంటింట్లకు తీసుకపోయి ఆయన సంతకం నేను పెట్టేసిన. తరువాత ఆయన నన్ను అడగలే, నేను చెప్పలే. ఆ సంగతి ఎరిగే ఆయన కన్ను మూసిండని నా అనుమానం.

ఈ జాబు పట్టుకొని ఏ కోర్టు కచేరికైనా పో, ఒప్పుకుంట. నా తప్పు తేలితే ముందు పోయేది నీ కుర్సీనే. వద్దన్న మనిషి పేరు రాసుడు ఎట్లుంటదో నాకు తొమ్మిదేండ్ల సంది ఎరుక. నిన్ను నేర్వనియ్య.