బియ్యం డబ్బాలో దొరికిన కళ్ళద్దాలు

తార్నాక,
ఆదివారం.

అన్నకు సుజాత నమస్కారాలు.

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. వదిన, చిన్ని, పెద్దమ్మ ఎలా ఉన్నారు? ఏదో మర్యాదకు అడిగే మాట కాదిది. రేపు పొద్దున్నే నువ్వు మళ్ళీ స్కూలు వ్యాన్ తీస్తావన్న తలంపే నన్ను ఇక్కడ కుదురుగా ఉండనివ్వడం లేదు. అందుకే అడుగుతున్నాను.

ఫోన్ చేస్తే సిగ్నల్ లేదంటావు, లేకపోతే డ్రైవింగ్‌లో ఉన్నానంటావు. కాగితమైతే మధ్యలో కట్ చేయలేవని ఉత్తరం రాస్తున్నాను. దగ్గర పెట్టుకుని చదువుకో. దగ్గరివి నీకు బాగానే కనిపిస్తాయి.

నీ కళ్ళద్దాలు దొరికాయి. రెండు వారాల కింద వచ్చినప్పుడు నువ్వు తెచ్చిచ్చిన బియ్యం రూములో డబ్బాలో పోసుకున్నాం కదా, నిన్న వండుకుందామని గ్లాసుతో తీస్తుంటే పెట్టె తగిలింది. మర్చిపోయి వదిలేశావని అనుకుందామన్నా కుదరదు. మర్చిపోయినవాడు బియ్యం తవ్వి అడుగున పెట్టడు.

ఇక్కడ వానలు పడుతున్నాయి. ఫ్లైఓవర్ కింద నీళ్ళు నిలిచి బస్సులు కదలడం లేదు. మధ్యాహ్నం తినే మెస్‌లో సాంబారు తియ్యగానే ఉంటోంది, సంగటి మాట అడిగితే నవ్వుతారు. నువ్వు తెచ్చిన చెనిక్కాయల పొడి వల్లే ఈ రెండు వారాలు తిండి సహించింది. క్యాంపస్‌లో ఆదివారం సాయంత్రం మనుషులు చాలామందే నడుస్తుంటారు కానీ పలకరించేవాళ్ళు ఉండరు. అందుకే నువ్వు వస్తున్నావంటే ఎంత సంబరపడ్డానో నీకు తెలుసు. నా ల్యాబ్ చూపించాలి, నేను చేసేదేమిటో మా అన్నకు చెప్పాలి అనుకున్నాను.

చెప్పాను కూడా. క్యాంపస్ రోడ్డు మీద నడుస్తూ, కాంతి గురించిన చదువు మూడు రకాలని చెప్పాను. కాంతి గీతలా నేరుగా పోతుంది, గాజు తగిలితే వంగుతుంది అనుకుని లెక్క కట్టేది మొదటిది. లెన్సులు, అద్దాలు, కెమెరాలు అన్నీ అందులోనివే. కాంతిని అలగా చూసేది రెండోది. వానలో రోడ్డు మీద ఆయిల్ పడితే రంగులు ఎందుకొస్తాయో అది చెబుతుంది, నా పరిశోధన అందులోనే. కాంతి రేణువులుగా వస్తుందని చెప్పేది మూడోది, లేజర్లు అర్థం కావాలంటే అది కావాలి. అంతా విని నువ్వేమన్నావు? "ఇందులో నా వ్యానుకు పనికొచ్చేది ఏది పాపా?" అన్నావు. ఇద్దరం నవ్వుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది.

ల్యాబ్‌లో జరిగింది నువ్వు మర్చిపోయినట్టు నటిస్తావు కాబట్టి మళ్ళీ రాస్తున్నాను. కిటికీ ఎదురుగా కుంభాకార లెన్సు పెట్టి, వెనక తెల్ల అట్ట పట్టుకున్నాను. కిటికీ బొమ్మ తలకిందులుగా అట్ట మీద పడుతుంది, ఒక్కచోటే స్పష్టంగా ఉంటుంది. తలుపు దగ్గర నిలబడిన నిన్ను, బొమ్మ బాగా వచ్చినప్పుడు చెప్పమన్నాను. నా చెయ్యి ఆగగానే "ఆఁ, వచ్చింది" అన్నావు. నేను ఆగినచోట బొమ్మంతా అలుక్కుపోయి ఉంది. రెండోసారి ఆగకుండా అట్టను చివరిదాకా జరిపాను. నువ్వు నోరు విప్పలేదు. బొమ్మను కాదు, నా చేతిని చూస్తున్నావని అప్పుడు అర్థమైంది. నువ్వు చూడగలిగి కాదు, ఎదుటివాళ్ళను కనిపెట్టి నెట్టుకొస్తున్నావు.

ఆ సాయంత్రమే ఫ్రేము కొనుక్కుంటానని అబద్ధం చెప్పి నిన్ను తార్నాకలో అద్దాల షాపుకు తీసుకెళ్ళాను. ఆ అమ్మాయి "పై వరస చదువుండ్రి అన్నా" అంటే "ఈడ వెలుతురు సాల్లేదు" అన్నావు. ఇంకా ఏవేవో జోకులు వేశావు. కంటి ముందు లెన్సు మారుస్తూ పోతే చిట్టచివరి వరస కూడా తడుముకోకుండా చదివావు. రెండు కళ్ళకూ మైనస్ రెండు. ఎదురొచ్చే లారీ లైటు పళ్ళెమంత కనిపిస్తుందని, అందరికీ అంతేనేమో అనుకున్నానని అప్పుడు చెప్పావు. అక్కడికక్కడే నీకు అద్దాలు చేయమని డబ్బు కట్టాను. మర్నాడు అద్దాలు పెట్టుకుని చౌరస్తాలో నిలబడి వచ్చే ప్రతి బస్సు బోర్డూ పైకి చదివావు. మల్కాజ్‌గిరి, నల్లకుంట, ముషీరాబాద్ అని వరసగా చదువుతుంటే నాకు ఎంత హాయిగా ఉందో. ఆ మర్నాడు నేను క్లాసులో ఉండగా నా రూమ్మేట్ స్వప్నకు తాళం ఇచ్చి ఊరెళ్ళిపోయావు.

నిన్న అద్దాలు దొరకగానే ఫోన్ చేశాను. తప్పు చేశానన్న మాటే లేదు. పైగా నవ్వి, "లైసెన్సు రెన్యువల్ వచ్చింది పాపా. డాక్టరు సర్టిఫికెట్టు కావాల. ఆ షాపులో గోడకు అక్షరాల చార్టు ఉండె సూడు, ఫోటో తీసి పంపు. యాడైనా అదే చార్టే కదా. బట్టీ కొట్టేస్తా" అన్నావు. పోయినసారి కూడా లైనులో నీ ముందున్నవాడు చదువుతుంటే విని అప్పజెప్పానని గొప్పగా చెప్పావు. నీ చెల్లెలు కాంతిశాస్త్రం చదువుతోంది అన్నా. ఆ చదువు నీకు కాపీ చీటీ అందించడానికా?

అద్దాలు ఎందుకు పెట్టుకోవని అడిగితే, "పెట్టుకుంటే పవరు పెరుగుతాది" అన్నావు. పెరగదు. నీ కంట్లో బొమ్మ తెర మీద పడకుండా కాస్త ముందే పడుతోంది. మధ్యలో పల్చగా ఉండే ఆ గాజు కిరణాలను కొంచెం విడదీసి బొమ్మను వెనక్కి, తెర మీదికి తోస్తుంది. అంతకుమించి అది నీ కంటిని ఏమీ చేయదు. మొదటి రకం చదువులో మొదటి పాఠం ఇది. నీ వ్యానుకు పనికొచ్చేది ఇదే.

తర్వాత అసలు మాట బయటపెట్టావు. "అద్దాలు పెట్టుకుని వ్యాను దిగితే పిల్లోళ్ళ అమ్మానాయన ఏమనుకుంటారు? కండ్లు కనపడనోని చేతిలో పెట్టినామనుకోరా? కరస్పాండెంటు సారు రేపే ఇంకొకన్ని చూసుకుంటాడు" అన్నావు. ఇప్పుడు వాళ్ళు పిల్లల్ని పెట్టింది ఎవరి చేతిలో అన్నా? అద్దాలు పెట్టుకుని చదివినా డాక్టరు సర్టిఫికెట్ ఇస్తాడు, లైసెన్సూ వస్తుంది. నీ ఉద్యోగానికి వచ్చే ముప్పు అద్దాల వల్ల కాదు. పని పోతుందన్న భయం నాకు తెలియనిది కాదు. కానీ ఆ భయాన్ని పసిపిల్లల మీద పెట్టి నడుపుతున్నావు చూడు, అది మాత్రం నేను సహించలేను.

ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. స్వప్న సిద్దిపేట దిక్కు పిల్ల, ఉన్నమాట మొహం మీదే అనేస్తుంది. అంతా విని, "మీ అన్న మంచోడే గానీ, గట్లెట్ల నడుపుతున్నడే? బండ్ల పోరలుంటరు గదా. నువ్వు ఊకుంటే నీది గూడ తప్పే అయితది" అంది. నిన్ను ఎవరైనా ఒక మాట అంటే పడే మనిషిని కాను నేను. నిన్న పడ్డాను.

చార్టు ఫోటో పంపను. అద్దాలు, షాపువాళ్ళు రాసిచ్చిన చీటీ ఈ ఉత్తరంతోపాటు పెడుతున్నాను. మెత్తటి గుడ్డ కూడా పెట్టాను, చొక్కా అంచుతో తుడవకు, గీతలు పడతాయి. ఈసారి ఎవరైనా ఇటు వస్తుంటే చెనిక్కాయల పొడి పంపించు. పెద్దమ్మకు నా నమస్కారాలు చెప్పు. మోకాళ్ళకు నూనె రాయడం మానొద్దన్నానని చెప్పు. చిన్నికి ముద్దులు.

ఇంకో మాట. ఇవాళ పొద్దున వదినతో మాట్లాడాను. రేపటి నుంచి చిన్నిని నీ వ్యాన్ ఎక్కించొద్దని, ఎవరి బండి మీదైనా బడికి పంపమని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. వదిన సరే అంది. మన పాప సంగతి నేను చూసుకున్నాను. మిగతా పిల్లల తల్లుల నంబర్లు నా దగ్గర లేవు, నీ ఫోన్‌లో ఉన్నాయి.

ఎంత కోపమున్నా నీ దీవెన కావాలనే అడుగుతూ,
నీ చెల్లెలు
సుజాత