గడప అవతల చెప్పులు

ఆదివారం రాత్రి, అశ్వారావుపేట

ఇంకా రోతగానే ఉంది. మా శారద మాతో గలగలా మాట్లాడుతుంది. ఇంటికి ఎవరైనా వస్తే మాత్రం ఆ ఎనిమిదేళ్ళ పిల్లకు గొంతు పెగలదు. బలవంతం చేయొద్దని ఖమ్మం డాక్టరు అన్న మాట మా ఆవిడ అన్నకు ముందే చెప్పాను. అయినా ఇవాళ దమ్మపేట నుంచి వచ్చి, శారద తింటున్న కంచం లాక్కున్నాడు.

"మామా అను, అప్పుడే ఇస్త. ఏందే, మూగదానివా?"

అతనితో పాటు మా ఆవిడ కూడా నవ్వింది.

శారద లేచి, గడప లోపల విడిచిన అతని చెప్పులు తీసి గడప అవతల పెట్టింది.

"గింత పొగరా?" అన్నాడు.

"పిల్ల చెప్పింది కదా బావా, ఇగ బయల్దేరండి" అన్నాను.

అతను వెళ్ళాక శారద నోరు విప్పింది. "నాన్నా, మామ మళ్ళొస్తే మళ్ళా పెట్టొచ్చా?"

పెట్టమన్నాను. వంటింట్లో మా ఆవిడ తోముతున్న గిన్నెల చప్పుడు ఆగిపోయింది.