చిగుళ్ళ నొప్పి తగ్గేదాకా

మా అక్కకి,

నీ ముంగి దణ్ణం పెట్టి రాస్తోంది. ఫోను ఎత్తడం లేదని కోప్పడకు. నిన్న పళ్ళు శుభ్రం చేయించుకున్నాను. నోరంతా వాచిపోయి మాట ముద్దముద్దగా వస్తోంది. నోరు బాగున్నప్పుడు మాత్రం నేను మాట్లాడేదేముంది! నువ్వు "ఊ, ఇంకా?" అంటావు, నేను "ఏం లేదక్కా" అంటాను. నువ్వు ఫోను పెట్టేశాక చెప్పాల్సినవన్నీ గుర్తొస్తాయి. కాగితం అలా తొందరపెట్టదు. నా చదువు సంగతి నీకు తెలిసిందే, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

చిగుళ్ళు చాలాకాలంగా బాగాలేవు. బ్రష్ పెడితే చాలు, రక్తం. కడుపుతో ఉన్నప్పుడే మొదలైంది. ఆ తర్వాత తెల్లటి సింకులో ఎర్రగా కనబడితే చూడలేకపోయేదాన్ని. అందుకని బ్రష్ పైపైన ఆడించి కళ్ళు మూసుకుని ఉమ్మేసేదాన్ని. కొన్నాళ్ళకి అదీ మానేసి నీళ్ళు పుక్కిలించి ఊరుకున్నాను. మొన్న యాపిల్ ముక్క కొరికితే దానిమీద ఎర్రగా పళ్ళ అచ్చు పడింది. మీ మరిది చూశారు. "రేపు వెళ్ళి చూపించుకో" అన్నారు. ఈమధ్య ఆయన నాతో అన్న మాటల్లో అదే పెద్దది.

ఆయన పనిచేసే ఆస్పత్రిలో పళ్ళ డాక్టర్లు లేకపోలేదు. కానీ ఆ గుమ్మం నేను తొక్కనని ఆయనకి తెలుసు. రెండు వీధుల అవతల మందుల షాపు మేడమీద ఒక చిన్న దంతవైద్యశాల ఉంది, అక్కడ పేరు రాయించారు. తోడు మాత్రం రాలేదు. డ్యూటీ ఉందట. లాండ్రీలో మనిషి ఒక్కపూట లేకపోతే ఆస్పత్రి మంచాలన్నీ దుప్పట్లు లేకుండా పడుంటాయి కాబోలు.

పళ్ళు శుభ్రం చేసిన అమ్మాయి నాకంటే చిన్నది. గలగలా మాట్లాడుతుంది. "నోరు బాగా తెరవండక్కా. ఇంకా. ఇంకా! మీరిలా సిగ్గుపడితే నేను లోపలికెలా వెళ్ళను?" అంది. అద్దం పెట్టి చూసి, "అమ్మో, ఇది గార కాదు, ప్రహరీగోడ! ఎన్నాళ్ళనుంచి కట్టుకొస్తున్నారు?" అంది. నవ్వొచ్చి నోట్లో నీళ్ళు మెడమీదికి కారాయి. తర్వాత నవ్వే పని లేకపోయింది. ఆ మిషను పంటి మొదట్లో పెడితే ఆ గీరుడు చెవుల్లోకీ తలలోకీ పోయింది. "రక్తం వస్తోందని బ్రష్ మానేశారు కదూ? అందరూ చేసే తప్పే ఇది. వదిలేసిన కొద్దీ వాస్తుంది, వాచిన కొద్దీ కారుతుంది. రేపట్నుంచి మెత్తటి బ్రష్‌తో అక్కడే తోమాలి" అంది. నేను తలూపాను.

"కడుపుతో ఉన్నప్పుడు మొదలైందా? చాలామందికి అంతే. బిడ్డకిప్పుడు ఎన్నేళ్ళు?" అంది.

అక్కా, నా నోట్లో ఉమ్ము పీల్చే గొట్టం ఉంది. లేదు అని చెప్పడానికి వీల్లేదు. తల అడ్డంగా ఊపితే ఆ పనిముట్టు గుచ్చుకుంటుంది. అవన్నీ సాకులే అనుకో. ఒక వేలు పైకెత్తాను.

"ఏడాదా! అయితే పళ్ళొస్తుంటాయి, దొరికిందల్లా కొరికేస్తూ ఉండుంటుంది. పాపా, బాబా?" అంది.

దానికి వేళ్ళతో ఏం చూపించను? నాకే తెలియదు కదా. ఏడో నెలలో పోయింది, ఇంకా ఏర్పడలేదు, అడగొద్దు, తలుచుకోవద్దు అన్నారు మీరంతా. నేను అడగలేదు. ఆ అమ్మాయి జవాబు కోసం ఆగలేదులే. తడిపిన మెత్తటి గుడ్డ వేలికి చుట్టుకుని పసివాళ్ళ చిగుళ్ళు ఎలా తుడవాలో, పాలు తాగి నిద్రపోయాక ఎలా తుడవాలో చెబుతూ పోయింది. నేను ఇంటికెళ్ళి చెయ్యాల్సిన పనిలాగా అంతా విన్నాను.

ఇంటికొచ్చి పాలల్లో నానిన బ్రెడ్డు కూడా మింగలేక కూర్చున్నాను. నాలుక పోయి పోయి పళ్ళ సందుల్లోనే తగులుతోంది. ఇన్నాళ్ళూ గార నిండి ఉన్న చోట ఇప్పుడు ఖాళీ. నా పళ్ళు నావి కానట్టుంది. అలా కూర్చునే నీకు ఉత్తరం రాయాలనుకున్నాను.

ఇక అసలు సంగతి. ఇది నీకు ఎన్నడూ చెప్పలేదు. ఆ రోజు ఆస్పత్రిలో నువ్వు నా మంచం వదలలేదు. మందు మత్తులోంచి మెలకువ వచ్చినప్పుడల్లా నీ చెయ్యి నా నుదుటి మీదే ఉంది. నేను ఆయన కోసం గుమ్మం వైపు చూశాను. "పనిలోకి వెళ్ళాడు, వస్తాడులే" అన్నావు. సాయంత్రం దీపాలు వేశాక వచ్చారు. వేళ్ళు నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. ఒంటినిండా బట్టల సోడా వాసన. బిడ్డ పోయిన రోజు కూడా డ్యూటీ చేసొచ్చిన మనిషి అక్కా ఆయన. ఆ వేళ్ళు చూసినప్పుడే నాలో ఏదో తెగిపోయింది.

ఆనాటి నుంచి పడుకుంటే గోడవైపు తిరిగి పడుకుంటారు. తిడతారా, కొడతారా అంటే ఏమీ లేదు. కుళాయి కారితే బాగుచేస్తారు, నేను దుకాణానికి కుట్టే బొత్తాలకి సూదిలో దారం ఎక్కించి పెడతారు. నా ముఖం మాత్రం చూడరు. ఒకే గదిలో ఇద్దరం ఉండి నేనొక్కదాన్నే ఉన్నట్టుంటుంది. నా నోటి వాసన వల్లనేమో అని కూడా అనుకున్నాను. నిన్న పై వరస పళ్ళన్నీ గీరించుకుని వచ్చాను కదా. రాత్రి కూడా గోడవైపే.

నెలాఖరు ఆదివారం బావ సరుకు దించడానికి వ్యానులో ఇటువైపు వస్తారన్నావు. నన్ను తీసుకెళ్ళమని చెప్పు. నాలుగు రోజులకి కాదు. ఇక ఉండిపోవడానికే. బొత్తాలు కుట్టే పని ఎక్కడైనా దొరుకుతుంది, నీకు బరువు కాను.

నీ చెల్లెలు,
ముంగి


అక్కా,

నీ జవాబు చూసి గుండె కుదుటపడింది. కిటికీ ఉన్న గది నాకిస్తానన్నావు, పిల్లలు అప్పుడే నా పక్కన ఎవరు పడుకోవాలని కొట్టుకుంటున్నారన్నావు. "జరిగినవి తవ్వుకోకు, కట్టుబట్టలతో వచ్చెయ్" అని రాశావు. అలాగే వస్తాను.

చెప్పకుండా రావడం నాకు మనసొప్పలేదు. నిన్న ఆయన అన్నం తింటుంటే చెప్పాను.

"అక్క దగ్గరికి వెళ్తున్నాను. ఆదివారం బావ వస్తారు."

"ఎన్నాళ్ళకి?"

"తెలీదు."

ఆయన ముద్ద కలుపుతూనే ఉన్నారు. నోట్లో పెట్టుకోలేదు. "మంచం కింద పెట్టె లేదు. బట్టలన్నీ సర్దేసుకున్నావు" అన్నారు. నేను మజ్జిగ గిన్నె ఆయనవైపు జరిపాను. అది అందుకోకుండానే, "కింది వరస పళ్ళు ఇంకా చెయ్యాలన్నారు కదా" అన్నారు.

"మంగళవారం చేస్తారు."

"మళ్ళీ వాస్తుంది. ఆ ప్రయాణంలో కుదుపులకి తట్టుకోలేవు. చిగుళ్ళ నొప్పి తగ్గేదాకా అయినా ఉండు."

ఉండు అనలేదు చూడు. నొప్పి తగ్గేదాకా ఉండు అన్నారు. అద్దెకొచ్చిన మనిషితో మాట్లాడినట్టు. నాకు కోపం వచ్చింది. "నొప్పి ఎక్కడైనా నొప్పే. అక్కడైతే అడిగేవాళ్ళుంటారు" అన్నాను. నేనేనా ఆ మాట అన్నది అని తర్వాత నాకే భయం వేసింది. ఆయన కంచం తీసుకెళ్ళి కడిగేశారు.

ఆదివారం మాట మారలేదు. బావతో పొద్దున్నే రమ్మని చెప్పు.

ముంగి


అక్కా,

ఈ ఉత్తరం చదివేముందు ఒకచోట కూర్చో. నీమీద కోపంతో రాయడం లేదు. కొంచెం కోపం ఉంది, అబద్ధం చెప్పను. చదివేసరికి నీకే తెలుస్తుంది.

మంగళవారం కింది వరస చేశారు. మొదటిసారి కంటే ఎక్కువ రక్తం పోయింది. ఆ అమ్మాయి "మీ బుజ్జిదానికి చిగుళ్ళు తుడుస్తున్నారా?" అని అడిగింది. తుడుస్తున్నానని చెప్పాను. ఈసారి నోట్లో గొట్టం లేదు. ఇంటికొచ్చి మధ్యాహ్నం పడుకున్నాను. లేచేసరికి దిండు గలేబు మీద అరచేతి మేర రక్తం. నువ్వు నీలం దారంతో కుట్టిచ్చిన గలేబు. కంగారుపడి దాన్ని తీసి, స్నానానికి కాగిన నీళ్ళ బకెట్టులో ముంచబోయాను. అప్పుడే ఆయన డ్యూటీ నుంచి వచ్చారు.

"వేడినీళ్ళు వద్దు!" అని అరిచారు. పెళ్ళైనప్పటి నుంచి ఆయన అరవడం వినలేదు నేను. నా చేతిలోంచి లాక్కున్నారు. "వేడి తగిలితే మరక ఉండిపోతుంది. ఇక ఎంత ఉతికినా పోదు" అని కుళాయి కింద చన్నీళ్ళలో పెట్టి, ఉప్పు చల్లి, బొటనవేలితో మెల్లగా రుద్దసాగారు. నేను పక్కనే నిలబడ్డాను. ఆ వేళ్ళు చూస్తుంటే నాకు ఆ రోజు కళ్ళముందుకొచ్చింది. వాచిన నోటితోనే అనేశాను.

"రక్తం మరకలు మీకు బాగా అలవాటే. ఆ రోజు కూడా నన్నొదిలేసి వీటికోసమే కదా వెళ్ళారు."

ఆయన చెయ్యి ఆగింది. తలెత్తకుండానే, "అవును. నీవాటికోసమే వెళ్ళాను" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయన నేలమీద, తడిలోనే కూర్చున్నారు. అప్పుడు చెప్పారక్కా. వార్డులో మాసినవన్నీ మూటకట్టి బండిలో కింద లాండ్రీకి పంపుతారట. అక్కడ వాటిని అందరివాటితో కలిపి పెద్ద మిషనులో వేసేస్తారట. నన్ను చేర్చిన పొద్దున నా మంచం మీద దుప్పటి ఆయనే తెచ్చి పరిచారట, కొత్తది ఏరి మరీ. బిడ్డ పోయాక నర్సులు ఆ దుప్పటి చుట్టి బండిలో పడెయ్యడం చూశారట. ఆ బండి వెనకే కిందికి వెళ్ళిపోయారు. మూటలన్నీ విప్పి నా దుప్పటి వెతికి తీశారు. మూలనున్న తొట్టిలో చేత్తో ఉతికారు.

"అందులో మన బిడ్డది కూడా ఉంది కదా. దాన్ని మిషనులో ఎలా వెయ్యనిస్తాను? లాండ్రీ మేస్త్రీ వచ్చి, ఇవాళ కూడా ఏం పనిరా నీకు, పైకి పో అని తిట్టాడు. తర్వాత చూసి, తలుపు దగ్గరికేసి వెళ్ళిపోయాడు. మరక పోయింది. పోయాక కూడా ఉతుకుతూనే ఉన్నాను. పైకొస్తే నీ ముఖం చూడాలి. నీకేం చెప్పను?" అన్నారు.

"ఏముంది చెప్పడానికి? ఇంకా ఏర్పడలేదన్నారు కదా" అన్నాను.

ఆయన నావైపు చూశారు. ఏడాది తర్వాత తిన్నగా నా ముఖంలోకి చూశారు. "ఏర్పడకపోవడమేంటి? పాప" అన్నారు.

అక్కా, నీకు తెలుసు. నర్సు గుడ్డలో చుట్టి బయటికి తెచ్చినప్పుడు నువ్వూ ఆయన పక్కనే ఉన్నావట. "దానికి చూపించొద్దు. అది తట్టుకోలేదు. ఆ మాటే ఎత్తొద్దు" అని ఆయన చేత నీ చేతిలో చెయ్యి వేయించుకున్నావట. ఆయన ఆ మాట తప్పలేదు. "నీ ముఖం చూస్తే ఎక్కడ చెప్పేస్తానో అని గోడవైపు తిరిగేవాణ్ణి. వదిన పెద్దది, ఆవిడకి తెలుస్తుంది అనుకున్నాను" అన్నారు. నేను ఆయన రాతిమనిషి అనుకుంటూ ఏడాదంతా గడిపేశాను. నువ్వు మొన్న కూడా తవ్వుకోకు అని రాశావు.

నన్ను కాపాడాలనే చేశావని తెలుసు. అమ్మ పోయాక నన్ను ఎత్తుకుని తిరిగినదానివి, నాకు ముల్లు గుచ్చుకుంటే నువ్వు ఏడ్చేదానివి. కానీ నేను తట్టుకోలేనని నువ్వెలా అనుకున్నావు? మోసింది నేనే కదా.

ఆ మధ్యాహ్నం ఇద్దరం కుళాయి దగ్గరే కూర్చుండిపోయాం. నేను ఒక్కొక్కటీ అడిగాను, ఆయన చెప్పారు. ఎంత ఉంది అంటే రెండు చేతులూ దగ్గరగా పెట్టి చూపించారు. జుట్టు ఉందట, తడిసి నుదుటికి అంటుకుని. గోళ్ళు కూడా ఉన్నాయట. మధ్యలో ఆయన మాట ఆగిపోతే నేను ఆగాను. నాకు మాట రాకపోతే ఆయన ఆగారు. నోట్లోంచి రక్తం వస్తూనే ఉంది, మింగుతూ అడిగాను. పాపని ఎక్కడ పడుకోబెట్టారో కూడా ఆయనకి తెలుసు. ఇన్నాళ్ళూ సెలవు రోజున పనుందని చెప్పి వెళ్ళేది అక్కడికేనట.

బావని ఆదివారం రావద్దని చెప్పు. మేమిద్దరం అక్కడికి వెళ్తున్నాం. బట్టల పెట్టె ఇంకా విప్పలేదు. వెళ్ళొచ్చాక విప్పుతాను. ఆయనమీద కోపం ఒక్కరోజులో పోలేదక్కా, అలవాటైన కోపం కదా. కానీ ఈ ఏడ్పు ఇద్దరిదీ అయినప్పుడు ఒక్కదాన్నే నీ దగ్గరికెందుకు రావడం?

ఒక్కటి మాత్రం నువ్వే చెయ్యాలి. ఎవరి పోలిక అని ఆయన్ని అడిగితే చెప్పలేకపోయారు. "నాకేం తెలుస్తుంది, పసివాళ్ళంతా ఒకలాగే ఉంటారు" అని తల వంచుకున్నారు. నువ్వు చూశావు. నేను పుట్టినప్పుడు నన్నూ చూశావు. మా ఇద్దరినీ అలా చూసినదానివి నువ్వొక్కదానివే. కప్పిపుచ్చకుండా రాయి. నేను తట్టుకుంటాను.

అది నాలాగే ఉందా అక్కా?

నీ జవాబు కోసం చూస్తూ,
దాని అమ్మ