కళావతమ్మ కడిగిచ్చిన డబ్బా

సైదాబాద్,
మంగళవారం

భాగ్యక్కా,

సోనీకి టైఫాయిడ్ తగ్గి అన్నం అడుగుతోందని విన్నాకే నా మనసు నిమ్మళించింది. నిన్న ఫోన్లో అది "చిన్నమ్మా, నా కడుపుల పురుగులన్నీ సచ్చినయా?" అని అడిగింది. దానికి జవాబే ఈ కార్డు.

మా ల్యాబులో ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మలం తెప్పించి, అందులోని సూక్ష్మజీవులను పెంచుతాం. లాడ్ బజార్‌కు లక్క గాజులు చేసే కళావతమ్మ మేమిచ్చిన డబ్బాను ఫినాయిల్‌తో కడిగి మరీ నింపి ఇచ్చింది. ఫినాయిల్‌కు అన్నీ చచ్చి, మేం సూక్ష్మజీవులను పెంచే ల్యాబు పళ్లెంలో ఏమీ పెరగలేదు. అడిగితే, "సదువుకున్న పిల్లవు, గలీజు డబ్బా నీ చేతికెట్లియ్యాలె బిడ్డా?" అంది. రెండోసారి కడగకుండా, మొహం పక్కకు తిప్పుకొని ఇచ్చింది.

ఇవాళ చూస్తే, పరీక్ష కోసం మేం పెంచిన టైఫాయిడ్ క్రిములు మబ్బులా కమ్మిన పళ్లెంలో, ఆమె కడుపులోంచి వచ్చిన ఒక సూక్ష్మజీవుల చుక్క చుట్టూ పిల్లల గాజులాంటి ఖాళీ వలయం. క్రిములు ఆ గీత దాటలేదు. కిటికీ వెలుగులో దాన్ని చూస్తూ మధ్యాహ్నం భోజనమే మరిచాను. పళ్లెంలో జరిగింది మనిషి కడుపులో జరుగుతుందో లేదో ఇంకా తెలియదు. కాబట్టి డాక్టర్ రాసిన మాత్రలు చివరిదాకా వేయించు.

నీళ్లు కాచి చల్లార్చే ఇస్తున్నావా? బావ దగ్గు ఎలా ఉంది? సోనీ చేతి కొలత దారంతో తీసి పంపు, కళావతమ్మ గాజులు చేసిస్తానంది.

పోస్టుమ్యాన్ చదివితే చదవనీ. సోనీకి చెప్పు, అన్నీ చావలేదు, కొన్ని చావకూడదు. దాని కడుపులో మనవాళ్లూ ఉన్నారు, కాపలా కాస్తూ. దానికీ, వాళ్లకూ నా దీవెనలు.

నీ చెల్లి
స్రవ్య